కోనసీమ కంచంలో కొరత

1835 వ సంవత్సరంలో మద్రాసు నగరంలో ఒక వైద్యగ్రంథం వెలువడింది. రచించినవాడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే సైనిక వైద్యుడు. విషయం బెరిబెరి అనే వ్యాధి. ఆ వ్యాధి పట్టినవారికి మొదట కాళ్ళు తిమ్మిరెక్కి బరువవుతవి. నడక తడబడుతుంది. కొందరికి పాదాలు మొదలుకొని శరీరమంతా నీరు పట్టి, ఆయాసం వచ్చి, కడకు గుండె ఆగిపోతుంది. ఆ గ్రంథంలోని రోగులలో చాలామంది సిపాయిలు, పనీపాటా చేసుకొనే పెద్దవాళ్ళు. వారు ఆకలికి మాడుతున్నవారు కారు. రోజూ అన్నం తింటున్నవారే. ఇంకొక విశేషమేమంటే, మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అనగా గంజాం మొదలు గుంటూరు వరకు గల తీరమండలం. గోదావరి డెల్టా, అందులోని కోనసీమ ఆ మండలం నడుమనే ఉన్నవి.

కడుపు నిండిన మనిషికి పోషణ లోపించడం ఎట్లా సాధ్యం? ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం దొరకడానికి నూరు సంవత్సరాలు పట్టింది. బెరిబెరి నేడు అరుదైపోయింది. కాని ఆ ప్రశ్న మాత్రం వేరొక రూపంలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ఇళ్ళలో నేటికీ నిలిచే ఉన్నది. ఈసారి రోగులు సిపాయిలు కారు. వసారాలో పడక కుర్చీలో కూర్చున్న తాతలు, పెరటి గట్టు మీద కూర్చున్న అమ్మమ్మలు. వీరి సంగతి అర్థం కావడానికి ముందు ఆ సిపాయిల సంగతి తెలియాలి.

తవుడుతో పోయినది

వడ్లగింజను కోసి భూతద్దంలో చూస్తే దాని నిర్మాణం తెలుస్తుంది. పైన ఊక. దాని క్రింద లేత గోధుమ రంగు గల పలుచని పొర. దంపినప్పుడు గాని, మర పట్టినప్పుడు గాని తవుడుగా రాలేది ఇదే. గింజకు ఒక కొన మొలక ఉంటుంది. మిగిలినదంతా తెల్లని పిండి. మొలకెత్తబోయే మొక్కకు ఆ పిండి ఆహారం. ఆ ఆహారాన్ని వాడుకొనడానికి కావలసిన విటమినులు, ఖనిజ లవణాలు, కొంత క్రొవ్వు చాలావరకు పై పొరలోను, మొలకలోను ఉంటవి. రోకటితో దంపినప్పుడు పొర కొంత మిగులుతుంది. మర మాత్రం మల్లెపూవులా తెల్లబడేవరకు గీకివేస్తుంది. తెల్లబియ్యం నిలువ ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది, పెండ్లి విస్తరిలో అందంగా కనబడుతుంది. తవుడు గేదెలకు పోతుంది. ఆ ఒక్క విషయంలో గేదె తిండి యజమాని తిండి కంటె మెరుగని ఒప్పుకోక తప్పదు.

ఈ తవుడు పొరలో ఏమున్నదో మొదట కోళ్ళు చెప్పినవి. 1890 ప్రాంతంలో జావా దీవిలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరికి సూక్ష్మజీవి కారణమని తలచి దాని కోసం వెదుకుతున్నాడు. ఆయన పెంచుతున్న కోళ్ళకు ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయినవి. కొంతకాలానికి వాటంతట అవే బాగైనవి. విచారించగా, జబ్బుపడిన రోజుల్లో వాటికి సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం వేస్తూ వచ్చారని, తరువాత వచ్చిన వంటవాడు సిపాయిల అన్నం కోళ్ళకు వేయడానికి ఒప్పుకోలేదని, అప్పటినుంచి వాటికి ముడిబియ్యం వేస్తున్నారని తేలింది. ఆ వంటవాని లోభితనం వైద్యశాస్త్రానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఐక్‌మన్‌కు 1929 లో నోబెల్ బహుమానం లభించింది.

తవుడులోని ఆ పదార్థాన్ని విడదీసి, దాని నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసిన శాస్త్రజ్ఞునికి తెలుగుదేశంతో పుట్టుక సంబంధం ఉన్నది. రాబర్టు రన్నెల్స్ విలియమ్స్ 1886 లో నెల్లూరులో అమెరికను మిషనరీ దంపతులకు జన్మించాడు. 1910 ప్రాంతంలో మనీలాలో పనిచేస్తూ, బెరిబెరితో చావుబ్రతుకుల్లో ఉన్న పసిబిడ్డకు తవుడు సారం చుక్కలుగా పోసి బ్రతికించడం కళ్ళారా చూశాడు. అప్పటినుంచి ఆ పదార్థాన్ని వదలలేదు. జీవనోపాధికి ఒక టెలిఫోను సంస్థ పరిశోధనాలయంలో రసాయనశాఖ చూస్తూ, తీరిక వేళల్లో తవుడు కుప్పలతో కుస్తీ పట్టాడు. 1936 లో దాని నిర్మాణాన్ని తేల్చి తయారుచేయగలిగాడు. దానికి థయమిన్ అని పేరు. విటమిన్ బి-1 అన్నా అదే.

థయమిన్ చేసే పని ఏమిటి? అన్నంలోని పిండిపదార్థం జీర్ణమై గ్లూకోసుగా మారుతుంది. గ్లూకోసు కణాలలో మండి శక్తిగా మారడానికి థయమిన్ సాయం కావాలి. అది లేకపోతే పొయ్యినిండా కట్టెలున్నా మంట రాదు, పొగ మాత్రం కమ్ముకొంటుంది. నరాలు, గుండె నిరంతరం శక్తిని కోరే అవయవాలు గనుక మొదటి దెబ్బ వాటికే తగులుతుంది. అన్నం ఎంత ఎక్కువ తింటే థయమిన్ అవసరం అంత పెరుగుతుంది. పెద్ద మనిషికి రోజుకు కావలసినది ఒకటి రెండు మిల్లీగ్రాములే. కాని శరీరంలో నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. మరలో బాగా తెల్లగా పట్టిన పచ్చిబియ్యంలో మిగిలే థయమిన్, ముడిబియ్యంలో ఉన్నదానిలో నాలుగో వంతుకు మించదు. ఆ మిగిలినది కూడ నీటిలో కరిగేది. బియ్యం నాలుగుసార్లు కడిగి, ఎసరు ఎక్కువ పోసి, గంజి వార్చి పారబోస్తే ఏమి మిగులుతుందో విద్యార్థులే ఊహించవచ్చు.

ఉత్తర సర్కారులలోనే ఈ వ్యాధి ఎందుకు? తమిళులూ, మలయాళులూ అన్నమే తింటారు కదా! ఈ చిక్కు విప్పిన ఘనత నీలగిరులలోని కూనూరు పరిశోధనాలయానిది. 1918 లో అక్కడ ఒక గదిలో బెరిబెరి విచారణ కోసమే రాబర్టు మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో పని ప్రారంభమైంది. ఆ గదే పెరిగి పోషణ పరిశోధనాలయమై, 1958 లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందింది. అనగా తార్నాకలోని ఆ పెద్ద సంస్థ పుట్టుకకు మూలం తీరాంధ్రులకు బాగా తెలిసిన ఒక జబ్బు! మెక్‌కారిసన్ తరువాత వచ్చిన ఐక్రాయిడ్, ఆయన సహచరులు 1940 లో ప్రకటించిన బియ్యపు సమస్య అనే నివేదికలో కారణం స్పష్టమైంది. దక్షిణాదిన చాలాచోట్ల తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఆవిరిలో ఉడికించి ఆరబెట్టినప్పుడు, పై పొరలోని విటమినులు గింజ లోపలికి ఇంకుతవి. తరువాత మర పట్టినా అన్నీ పోవు. తెలుగు తీరం వారు తినేది మర పట్టిన పచ్చిబియ్యం. తేడా అంతా అక్కడనే ఉన్నది. గోదావరి మిల్లులు ఉప్పుడు బియ్యం తయారుచేయకపోలేదు. తయారుచేసి కేరళకు పంపుతూ వచ్చినవి.

తరువాతి దశాబ్దాలలో పప్పులు, పాలు, గుడ్లు, కూరలు కంచంలోకి కొంత ఎక్కువగా రావడంతో బెరిబెరి వెనుకకు తగ్గింది. ఐతే మాసిపోలేదు. త్రాగుడుకు బానిసలై అన్నం మాత్రమే అరకొరగా తినేవారిలో నేటికీ థయమిన్ లోపం కనిపిస్తుంది. మద్యం థయమిన్‌ను ప్రేగులలో గ్రహింపనీయదు. అటువంటి మనిషి మాటలు తడబడి, చూపు మెల్లపడి, నడక తూలితే అదంతా మత్తే అని వదలివేయడం ప్రమాదం.

తెల్లన్నం, ఆవకాయ, మజ్జిగ

కోనసీమను చూచి ఇక్కడ పోషణలోపం ఉన్నదంటే ఎవరూ నమ్మరు. గౌతమి, వసిష్ఠల నడుమ, వైనతేయ ఒడిలో ఉన్న ఈ భూమికి 1852 లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి కాలువ నీరు అందుతున్నది. కొబ్బరి తోట, దాని నీడలో అరటి, కంద, పసుపు, పోక. వరి కోసిన చేలో మినుము, పెసర. కాలువలో చేప. ఐనా, ఇంటిలో అందరికంటె పెద్దవారి కంచాన్ని నాలుగు రోజులు వరుసగా గమనిస్తే వేరొక దృశ్యం కనబడుతుంది. ఉదయం కాఫీ. మధ్యాహ్నం తెల్లన్నం, కొంచెం ఆవకాయ లేక పచ్చడి, పలుచని మజ్జిగ. రాత్రి అదే అన్నం మరికొంచెం తక్కువగా, లేదా రెండు ఇడ్డెనలు. కూర వండినా, ముక్క నమలలేక ప్రక్కకు నెట్టిన పులుసు మెతుకులు. ఇది పేదవారి ఇంటిలోనే కాదు, డాబా ఇంటిలోను కనబడుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అదే వయస్సు స్త్రీలలో నూటికి 15 గురు ఉండవలసిన బరువుకంటె తక్కువ, నూటికి 36 గురు ఎక్కువ. ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో ఈ రెండూ ఉంటవి. స్థూలకాయం గలవారిలోను రక్తహీనత ఉండవచ్చు. బియ్యం, నూనె, చక్కెర శక్తినిచ్చినవి గాని, ఇనుము ఇవ్వలేదన్నమాట. 49 ఏళ్ళు దాటిన స్త్రీలను ఈ సర్వే తూచలేదు. వారి సంగతి 2017-18 లో 45 ఏళ్ళు పైబడినవారి కోసం దేశవ్యాప్తంగా జరిగిన మరొక సర్వేలో బయటపడింది. 60 ఏళ్ళు దాటినవారిలో నాలుగో వంతుకు పైగా బరువు తక్కువవారే.

వయస్సుతో ఆకలి తగ్గడం సహజమే గాని, అవసరం అంతగా తగ్గదు. చిక్కంతా ఇక్కడ ఉన్నది. కదలిక తగ్గినందువల్ల శక్తి కొంచెం తక్కువ సరిపోతుంది. మాంసకృత్తులు, సున్నం, విటమినులు మాత్రం తగ్గించడానికి వీలులేదు. పైగా ముసలి కండరం మొండిది. తిన్న మాంసకృత్తులను పడుచు కండరమంత చురుకుగా తనలో కలుపుకోదు. అందుచేత పెద్దవారికి కిలో బరువుకు రోజుకు కనీసం ఒక గ్రాము మాంసకృత్తులు కావాలని నేటి నిపుణుల అభిప్రాయం. అవి అందకపోతే తొడ, పిక్క, భుజాల కండ కరుగుతుంది. కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా లేవలేకపోవడం దాని మొదటి గుర్తు. తరువాత పడిపోవడం, తుంటి ఎముక విరగడం, మంచాన పడడం. రోగ నిరోధక శక్తి సన్నగిల్లి, మామూలు దగ్గు న్యుమోనియాలోకి దిగడం. మరణ పత్రంలో వ్రాసేది చివరి జబ్బు పేరే. దానికి దారి తీసిన ఖాళీ కంచం పేరు ఎక్కడా కనిపించదు.

పండ్లు ఊడడం, నోరు ఎండడం, రుచి మందగించడం, కడుపులో ఆమ్లం తగ్గడం ఒకదానికొకటి తోడవుతవి. ఆమ్లం తగ్గితే ఆహారంలోని విటమిన్ బి-12 విడివడదు. ఈ విటమిన్ మొక్కలలో లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసాలలోనే ఉంటుంది. శాకాహారులైన ముసలివారికి, చాలాకాలంగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారికి ఈ లోపం రావడానికి అవకాశం ఎక్కువ. లక్షణాలు చూస్తే అరికాళ్ళ తిమ్మిరి, మతిమరపు, నీరసం, పాలిపోయిన ముఖం. ఇంటివారు చెప్పే మాట ‘వయస్సు మీదపడింది’. కాని ఇది రక్తపరీక్షతో తెలిసి, ఇంజక్షనుతోనో మాత్రతోనో కుదిరే జబ్బు. ఆలస్యమైతే నరాల నష్టం పూర్తిగా తీరదు.

తిన్నది శరీరానికి పట్టకపోవడం ఎంత ప్రమాదమో గోదావరి జిల్లాల వాడైన యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెబుతుంది. 1895 లో భీమవరంలో పుట్టిన ఆయన ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే ప్రేగుల జబ్బుతో చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు సోకి, డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నాడు. స్ప్రూలో విరేచనాలు, బరువు తగ్గడం, తీవ్రమైన రక్తహీనత ఉంటవి. ప్రేగుగోడ పోషకాలను, ముఖ్యంగా ఫోలిక్ ఆమ్లాన్ని గ్రహించలేకపోవడమే ఇందుకు కారణం. 1945 లో అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయంలో సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన బృందం ఆ ఫోలిక్ ఆమ్లాన్నే కృత్రిమంగా తయారుచేసింది. తన ఇంటిని కూల్చిన జబ్బుకు తానే మందు ఇచ్చిన శాస్త్రజ్ఞులు ఎందరున్నారు? ఫోలిక్ ఆమ్లం ఆకుకూరలలో ఉంటుంది. గంటల తరబడి ఉడికించి నీరు పారబోస్తే పోతుంది. ముసలివారికి వారాల తరబడి విరేచనాలు పట్టుకొంటే, కూడు మార్చి ఊరకుండక వైద్యునికి చూపించవలసిన కారణం కూడ ఇదే.

ఒక కంచం లెక్క

45 కిలోల బరువుగల ఒక వృద్ధురాలిని ఉదాహరణగా తీసుకొందాం. ఆమెకు రోజుకు 45 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రోజుకు 200 గ్రాముల బియ్యం వండుకొని తింటుందనుకొంటే అందులో సుమారు 15 గ్రాములు వస్తవి. కాఫీలో పాలు 100 మిల్లీలీటర్లు, 3 గ్రాములు. పలుచని మజ్జిగలో 2 గ్రాములు. ఆవకాయలో లెక్కించదగినది ఏమీ లేదు. మొత్తం 20 గ్రాములు. అనగా సగం కూడ లేదు. ఇదే కంచంలో 40 గ్రాముల కందిపప్పుగాని పెసరపప్పుగాని మెత్తగా ఉడికించి చేర్చితే 9 గ్రాములు పెరుగుతవి. ఒక గుడ్డు, 6 గ్రాములు. 50 గ్రాముల చేప, 9 గ్రాములు. మొత్తం 44. చేప, గుడ్డు ముట్టనివారి ఇంటిలో పప్పు రెండు పూటలా వేసి, మజ్జిగకు బదులు గట్టి పెరుగు, సాయంకాలం ఒక గ్లాసు పాలు, వేరుశనగ ముద్ద లేక మినప సున్ని చేరిస్తే ఇంచుమించు అదే లెక్కకు చేరవచ్చు. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో ఎవరి ఇంటి కంచానికి వారి చేతనే వేయిస్తే, త్రైరాశికం కంటె ఎక్కువ ప్రయోజనం ఉండవచ్చు.

ఇక్కడ కొబ్బరి గురించి ఒక మాట చెప్పాలి. కోనసీమలో ప్రతి వంటలోను అది పడుతుంది గనుక దానితోనే పోషణ సమకూడుతుందన్న నమ్మకం ఒకటి ఉన్నది. పచ్చికొబ్బరిలో క్రొవ్వు సమృద్ధిగా ఉన్నది. చిక్కిపోయిన ముసలివారికి శక్తినివ్వడానికి అది పనికివస్తుంది. మాంసకృత్తులు మాత్రం నూరు గ్రాములకు 4 గ్రాములకు మించవు. కొబ్బరి పచ్చడి పప్పుకు తోడే గాని పప్పుకు బదులు కాదు. అరటిపండు కూడ అంతే. మెత్తగా ఉండి, పొటాషియం, శక్తి ఇస్తుంది. కండ ఇవ్వదు.

ఈ సీమలో ముసలి నోటికి, ముసలి ఎముకకు సరిపోయే ఆహారాలకు కొదవ లేదు. ఆషాఢమాసంలో మునగాకు తినాలన్న ఆచారం మంచిదే. ఒక్క మాసానికి పరిమితం చేయడం మాత్రం ఎందుకో అర్థం కాదు. నూరు గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉన్నది. పాలలో ఉన్నదానికి రెండింతలకు మించినది. ఎండబెట్టి పొడిచేసి పప్పులో కలిపితే నమలవలసిన పని లేదు. కంద, బచ్చలి కలిపి వండిన కూర మెత్తగా మ్రింగడానికి వీలుగా ఉంటుంది. శీతకాలం మొదట్లో ఏటిలో దొరికే చీరమేను, సంతలో ఎండు మెత్తళ్ళు ముల్లుతో సహా తినే చిన్న చేపలు గనుక వాటిలో సున్నం, మాంసకృత్తులు రెండూ లభిస్తవి. రక్తపు పోటు ఉన్నవారు ఎండుచేప ఉప్పును వేడినీటిలో కడిగి వాడుకోవాలి. పులస పేరు లోకమంతా తెలిసినా ముసలివారి పోషణకు అది ప్రధానం కాదు. దాని ధరకు ఒక నెల గుడ్లు వస్తవి, ముల్లు ఏరే బాధ తప్పుతుంది.

ఉగ్గు అనేది పసివారికే అన్న భావం పోవాలి. వేయించిన బియ్యం, పెసరపప్పు రవ్వగా విసరి, పాలలోగాని గంజిలోగాని ఉడికించి, కొంచెం నెయ్యి, బెల్లం వేస్తే పండ్లు లేనివారికి పూర్తి పూట ఆహారం. గంజిని పారబోయకుండా పులియబెట్టి వాడుకొనే తరవాణి, అందులో నానిన చద్దన్నం ఇంటి ముసలమ్మలు చెప్పిన పద్ధతులే. నీటిలో కరిగే విటమినులు కాలువ పాలుకాకుండా చూడడానికి అవి చక్కగా ఉపకరించేవి. కుక్కరులో తగినంత ఎసరుతో వండినా ఆ ఫలితమే దక్కుతుంది. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ త్రాగితే ఆకుకూరలోని ఇనుము శరీరానికి పట్టడం తగ్గుతుంది. గంట వ్యవధి ఇచ్చి, పప్పులో నిమ్మకాయ పిండుకొంటే పట్టడం పెరుగుతుంది.

చౌకధరల దుకాణంలో వచ్చిన బియ్యం సంగతి కూడ చెప్పవలసి ఉన్నది. పేదల పథకాల ద్వారా ఇచ్చే బియ్యంలో పోషకాలు చేర్చాలని 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వం నిర్ణయించింది. 2024 మార్చి నాటికి అది దేశమంతటా అమలైంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 కలిపి బియ్యపు పిండితో చేసిన గింజలను నూటికి ఒకటి వంతున మామూలు బియ్యంలో కలుపుతూ వచ్చారు. ఆ గింజలు రంగులో కొంచెం తేడాగా ఉండడంతో ప్లాస్టిక్ బియ్యమని పుకార్లు పుట్టి, పలు ఊళ్ళలో ఇల్లాండ్రు వాటిని ఏరి పారవేశారు. అవి పిండి గింజలే. ఏరిపారవేస్తే పోషకాలనే పారవేసినట్టు. ఐతే ఆ తప్పనిసరి మూడింటిలో థయమిన్ లేదు. నెల్లూరు బిడ్డ తయారుచేసిన విటమిన్ ఐచ్ఛికాల పట్టికలోనే ఉండిపోయింది. పప్పు అవసరం ఆ బియ్యంతో తీరదు.

మధుమేహం ఉన్న పెద్దవారు ‘అన్నం మానండి’ అన్న ఒక్క మాట పట్టుకొని, అన్నం మాని దాని స్థానంలో ఏదీ చేర్చుకోక చిక్కిపోతుంటారు. తగ్గించిన ప్రతి పిడికెడు అన్నానికి పప్పో, గుడ్డో, కూరో రావాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మాంసకృత్తులు పెంచేముందు వైద్యుని సలహా తీసుకోవాలి. వారంలో రెండు మూడు ఉపవాసాలు చేసే వృద్ధులకు ఆ రోజులలో పాలు, పెరుగు, నానబెట్టిన పెసరపప్పు వంటివి చాలావరకు ఆచారానికి అడ్డురావు.

ఎవరు వండి పెట్టాలి

ఇంతవరకు చెప్పినదంతా వండి పెట్టేవారు ఉన్న ఇంటికి. రాజోలు, అమలాపురం ప్రాంతాల పల్లెలనుంచి ఎన్నో వేలమంది, వారిలో చాలామంది స్త్రీలు, కువైట్, మస్కట్, దుబాయిలకు పనికి వెళ్ళారు. ఇంటికి పైకం వస్తుంది. ఇంటిలో ఉన్నది మాత్రం డెబ్బై ఏళ్ళ ముసలివారు, ఒకరిద్దరు మనుమలు. ముసలివారి పని పిల్లలకు పెట్టడం. తమకోసం వేరే వండుకోరు. ఒంటరిగా ఉన్న మనిషి తనకోసం పొయ్యి వెలిగించుకోవడానికి ఇష్టపడదు. మధ్యాహ్నం మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకొని రాత్రి గడిపివేస్తుంది. ఇటువంటివారికి ఆహారశాస్త్రం బోధించినందువల్ల ఏమీ జరగదు. ప్రక్క ఇంటినుంచి ఒక గిన్నె పప్పు వస్తే జరుగుతుంది.

ఇది ఈ సీమకు క్రొత్త ఆలోచన కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) ఇంటికి ఏ వేళ ఎవరు వచ్చినా, ఏటి దారిన పోయే బాటసారి ఐనా, కులం అడగకుండా అన్నం పెట్టేది. వైనతేయ మీద కట్టిన క్రొత్త అక్విడక్టుకు 2000 లో ఆమె పేరు పెట్టారు. 2024 లో రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు. బడిపిల్లలకు బడిలో భోజనం ఉన్నది. గర్భిణులకు, బాలింతలకు, పసివారికి అంగన్‌వాడీ ఉన్నది. ముసలివారికి వేడి అన్నం పెట్టే చోటు ఊళ్ళలో సామాన్యంగా లేదు. తమిళనాడులో 1983 లో వృద్ధాప్యపు పింఛను పొందేవారినికూడ బడి భోజన పథకంలో చేర్చారు. అదే వంటశాల, అదే పొయ్యి, మరికొన్ని కంచాలు. గుడికి, చర్చికి, మహిళా సంఘానికి వంటపాత్రలున్న పల్లెలలో మరీ ఒంటరిగా ఉన్న పది పదిహేనుమందికి రోజుకు ఒక పూట పప్పన్నం పెట్టడానికి ప్రభుత్వపు ఉత్తర్వు కోసం కనిపెట్టుకొని ఉండనవసరం లేదు.

అట్టివారు ఎవరో ముందు తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్యపు పింఛను నెలకు 4,000 రూపాయలు. నెల మొదటి తారీఖున సచివాలయ సిబ్బంది ఇంటింటికి వెళ్ళి ఇస్తూ వచ్చారు. ఊళ్ళోని ముసలివారందరి గడపా తొక్కే ఇటువంటి రోజు మరొకటి లేదు. ఆ రోజునే ఆశా కార్యకర్తో, ఉన్నత పాఠశాల విద్యార్థుల జట్టో ఒక తూకపు యంత్రం పట్టుకొని వెళితే, నెలనెలా బరువు ఒక పుస్తకంలో పడుతుంది. ఒకసారి తూచిన బరువు చెప్పేది తక్కువ. ఆరు నెలల వరుస చాలా చెబుతుంది. కావాలని తగ్గించుకోకుండానే ఆరు నెలలలో నూటికి ఐదు వంతుల బరువు పోతే, అనగా 50 కిలోల మనిషి 47 న్నర కిలోలకు దిగితే, కారణం వెదకాలి. కాళ్ళకు నీరు పట్టినవారిలో ఈ తగ్గుదల తూకంలో కనిపించదు గనుక, పాదం మీద వేలితో నొక్కి గుంట పడుతున్నదేమో కూడ చూడాలి.

ఎత్తుకు తగిన బరువు ఉన్నదా అని చూడడానికి బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలో వర్గంచేసి, దానితో భాగించాలి. 150 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోల బరువు ఉన్న మనిషికి 40 ని 2.25 తో భాగిస్తే 17.8 వస్తుంది. 18.5 కు తక్కువైతే బరువు చాలదని అర్థం. వెన్ను వంగిన ముసలివారిని గోడకు ఆనించి కొలిస్తే ఎత్తు తప్పుగా వస్తుంది. అప్పుడు రెండు చేతులూ ప్రక్కలకు బారచాపించి, ఒక నడివ్రేలి కొననుంచి రెండవ నడివ్రేలి కొనకు టేపుతో కొలవాలి. పడుచు వయస్సులో ఆ మనిషి ఎత్తుకు అది చాలావరకు సరిపోతుంది. చేయి చాపలేనివారికి బార సగం, మెడ క్రింద గొంతు గుంటనుంచి నడివ్రేలి కొన వరకు కొలిచి, రెట్టింపు చేయవచ్చు.

బరువుతోపాటు పుస్తకంలో మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసుకోవాలి: నిన్న పప్పు, గుడ్డు, చేప, పాలలో ఏది తిన్నారు? ఎవరితో కూర్చొని తిన్నారు? చేయి ఆనించకుండా లేవగలరా? రెండు నెలలు వరుసగా బరువు తగ్గినవారి పేర్లు, తిమ్మిరి గాని మ్రింగడంలో కష్టం గాని చెప్పినవారి పేర్లు వేరే కాగితం మీద వ్రాసి, ఆ వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి అందజేయాలి.